ఐదో తీగ

శుక్రవారం సంతలో ఏడున్నర దినార్లు.
అమ్మినవాడు మీటి చూడనివ్వలేదు.
"గిటార్ కొత్తది భాయ్, తీగలే పాతవి" అన్నాడు.
రంగు మాత్రం నిజంగానే ఎరుపు.

గదికి తెచ్చి ఐదో తీగ మీటితే
దాని వెనకాలే ఇంకొకటి పలుకుతుంది,
అగ్గిపెట్టెలో వేసిన బంగారుపురుగులా
జిర్రు...

నా పని ఏసీ డక్టులు.
సాల్మియాలో పదకొండో అంతస్తు పైకప్పులో
ఏ రేకు ఏ బోల్టు దగ్గర వణుకుతోందో
చెవి ఆనించి చెప్పగలను.
నిద్రపట్టడం లేదని ఏ ఇంటివాళ్ళు ఫోన్ చేసినా
ఫోర్‌మన్ నన్నే పంపుతాడు.
అలాంటివాణ్ణి
బెత్తెడు ఇనుప పలక దగ్గర ఓడిపోతానా?

రాత్రి పదకొండు. జూలై.
హసావియాలో మా గది, ఆరుగురం, ఒక్కటే ఏసీ.
అది మోగుతుంటే ఇది వినపడదు.
"ఐదు నిమిషాలు ఆపుతా" అన్నాను.
పై మంచం మీంచి ఓబులేసు:
"ఆపు. నేను సస్తా. ఈడనే పూడ్చు."
ఆపాను.

నిశ్శబ్దం రాలేదు, ముందు వేడి వచ్చింది.
తరవాత మెట్ల మీద ఎవరివో చెప్పులు,
బాత్రూంలో సరిగ్గా కట్టని కుళాయి,
దుప్పట్లో మస్తాన్‌వలి ఫోను గుసగుస,
వాడి పెళ్ళాం అటునుంచి ఏమందో
వాడు నవ్వి పెట్టేశాక
మీటాను.
జిర్రు.

బ్రిడ్జి మీద ఆరు తీగలకి ఆరు శాడిళ్ళు.
డాక్టరు పొట్ట నొక్కి
ఇక్కడా? ఇక్కడా? అన్నట్టు
ఐదోదాని మీద వేలు నొక్కిపెట్టి మీటాను. జిర్రు.
ఆరోది. జిర్రు.
మళ్ళీ ఐదోది, ఈసారి కోపంగా.

చెమటలు కక్కుతూ ఓబులేసు దిగొచ్చాడు.
"దాన్ని ఇడిసిపెట్టు. ఈ పక్కది సూడు."
వాడు లారీలకి టైర్లు మార్చేవాడు.
వాడికేం తెలుసనుకుంటూనే
నాలుగోదాని మీద వేలు పెట్టాను.

ఆగిపోయింది.

మీటింది ఒకణ్ణి. వణుకుతున్నది ఇంకొకడు.

టార్చి వేసి చూశాం.
చిన్న ఇనుప గుర్రం, రెండు స్క్రూల కాళ్ళు.
ఒక కాలు పలకకి ఆననే లేదు,
వెంట్రుకవాసి ఎత్తున గాలిలో.
బరువంతా రెండోదే మోస్తోంది.
ఇలాంటి జట్లలో నేనూ పనిచేశాను,
గాల్లో ఉన్నవాడే ఎక్కువ చప్పుడు.

స్క్రూ విప్పి
మర చుట్టూ తెల్ల టెఫ్లాన్ టేపు ఒకటిన్నర చుట్టు
(కంపెనీ టేపే, లెక్క రాయను),
స్ప్రింగు లోపల వైరు మీంచి ఒలిచిన తొక్కముక్క.
అలెన్ కీతో పావు తిప్పు.
ఇంకొంచెం.
చాలు, మరీ తిప్పితే తీగ లేచిపోతుంది.

మీటాను.
తీగ ఒక్కటే పలికింది.
ఓబులేసు గడ్డం మీంచి చెమటబొట్టు
రాలేదాకా పలికింది.
నిద్రపోతున్నారనుకున్న ముగ్గురూ
కళ్ళు తెరిచే ఉన్నారు.

"ఇంక వాయించు" అన్నాడు మస్తాన్‌వలి.

వాయించాను.
రెండో వరసలోనే తెలిసిపోయింది.
మూడు నెలలుగా నా వేళ్ళ తప్పులన్నీ
ఆ జిర్రు మీదికి నెట్టి బతికాను.
ఇప్పుడు ప్రతి తప్పూ
ఉతికి ఆరేసినంత తెల్లగా వినపడుతోంది.

ఎవరూ ఏమనలేదు.
ఓబులేసు లేచి ఏసీ వేశాడు,
గోడంతా గడగడమంది.
మంచమెక్కుతూ అన్నాడు:
"రేపు నేర్సుకుందువులే.
ఈ పొద్దుకు దీని సద్దులో వాయించు."