నాలుగో రాత్రి, ఎకో గది

పలమనేరు టమోటా మండీలో
ముప్పై ఏళ్లు వేలం పాడిన గొంతు చెంగల్రాయుడిది.
బాక్సులో చెయ్యి పెట్టి
బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి
ఏ కాయ చెన్నై దాకా పోతుందో
ఏది చిత్తూరు దాటకముందే పగుల్తుందో చెప్పేస్తాడట.

ఆదివారం తెల్లారుజామున
రొమ్ము మీద బండ పెట్టినట్టయితే
"గ్యాసే గదా" అని గోలీసోడా తాగి
ఇంకో మూడు లాట్లు పాడినాడంట.
తిరుపతి చేరేసరికి మంగళవారం సాయంత్రం.
స్టెంటు వేసి దారి తెరిచారు గానీ
ఎండిపోయిన మడికి వదిలిన నీళ్లు అవి.

బుధవారం రాత్రి రెండుంబావుకి
బీపీ డెబ్భైకి జారింది.
పీజీ కుర్రాడు జునైద్ స్టెతస్కోపు ఆనించి
చాలాసేపు తియ్యలేదు.
"నిన్న లేదు మేడమ్ ఈ చప్పుడు."
నేను అరచెయ్యి పెట్టి చూశాను.
రొమ్ము ఎముకకి ఎడమ పక్క
లీకున్న పంపుసెట్టు పైపుని పట్టుకున్నట్టు
జివ్వుమంది.

లైటు ఆర్పి, ప్రోబుకి జెల్లు రాశాను.
కింది రెండు గదుల మధ్య గోడలో, కొసన,
ఉండకూడని చోట ఒక రంగు.
మెషీను తప్పేమోనని
గెయిన్ తగ్గించాను, కోణం మార్చాను.
రంగు పోలేదు.
ఎడమ నుంచి కుడికి, ప్రతి కొట్టుకీ.
పదమూడు మిల్లీమీటర్లు.
నా పని అంతే, కొలిచి రాయడం.
గుండె చుట్టూ సంచిలో రక్తం లేదని కూడా రాశాను.
ఆ ఒక్క వాక్యం దగ్గర
చెయ్యి కాస్త తేలికైంది.

సర్జన్ ఇందుమౌళి నాలుగింటికి వచ్చింది, తడి జుట్టుతో.
తొడలోని నాళం గుండా బెలూను పంపించారు.
గుండె ముడుచుకున్నప్పుడు తగ్గి
సేదతీరినప్పుడు ఉబ్బే బెలూను,
మోసేవాడి పక్కన ఇంకో భుజం.

"బొక్క పడిందన్నారు గదమ్మా,
ఇప్పుడే కుట్టేస్తే పోదా?" అంది మునెమ్మ.
ఇందుమౌళి వరండాలో నేల మీదే
ఆమె పక్కన కూర్చుంది.
"ఇప్పుడు సూది గుచ్చితే
దారం కోసుకుని బయటికొచ్చేస్తుంది.
బాగా మాగిన పండుని కుట్టగలమా?
నాలుగు రోజులాగితే అంచు గట్టిపడుతుంది.
ఆగేదానికి ఆయనుండాల గదా."

శుక్రవారానికి మూత్రం తగ్గింది,
పాదాలు చల్లబడ్డాయి.
ఇక ఆగడానికి లేదు. తెరిచారు.
చచ్చిన కండని వేలితో తడుముకుంటూ పోయి
ఎక్కడ గట్టిగా తగిలిందో
అక్కడ్నుంచి కుట్లు మొదలుపెట్టిందట ఇందుమౌళి,
ఆవు గుండె పైపొర ముక్కని మాసికగా వేసి.
ఆరుగంటలు పట్టింది.
బయటికొచ్చి ఎవరితో మాట్లాడకుండా
రెండు ఇడ్లీలు తినింది.

పదకొండో రోజు
మళ్లీ నా బల్ల మీద చెంగల్రాయుడు.
మాసిక తెల్లటి గీతలా కదులుతోంది.
ఒక మూలన ఇంకా సన్నగా రంగు.
రెండు మిల్లీమీటర్లు. రాశాను.
కొనేవాడి మొహం చూసినట్టు
నా మొహమే చూస్తున్నాడు.
"ఏం మేడమ్, చెన్నై దాకా పోతుందా?"

జెల్లు తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను.
"చిత్తూరైతే దాటింది" అన్నాను.