ఉత్పన్నం కాదు

గోపాల్‌పూర్ లైట్‌హౌసు సందులో నా జిరాక్సు కొట్టు.
బోర్డు మీద నా పేరు ఒడియాలో, గల్లాపెట్టె మీద తెలుగులో,
కరెంటు బిల్లులో ఇంగ్లీషులో.
మూడూ ఒకడేనని బ్యాంకువాడికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

మంగళవారం, మిట్టమధ్యాహ్నం
మైలపల్లి కొర్లమ్మ ఖాళీ గంప గడప బయట దింపి
నాలుగు మడతల కాగితం తీసింది.
"పార్లమెంటోల్లు జవాబిచ్చినారట బాబూ,
ఎంపీ గారి కుర్రోడు తెచ్చినాడు. సదివి సెప్పు."

చుక్క గుర్తు లేని ప్రశ్న.
అంటే మంత్రి లేవక్కర్లేదు, గొంతు సవరించుకోనక్కర్లేదు.
కాగితమే లేస్తుంది, కాగితమే కూర్చుంటుంది.

(ఎ) పొరుగుదేశపు జైళ్ళలో మన జాలర్లు ఎందరు?
(బి) మన అధికారులు వాళ్ళని కలిశారా?
(సి) కొడుతున్నారన్న మాట నిజమేనా?
(డి) నిజమైతే, తీసుకున్న చర్యలేమిటి?

"ఇయన్నీ మన ఎంపీయే అడిగినాడా?"
అవునమ్మా.
"మంచిగానే అడిగినాడు," అంది
కోనాం ధర తేల్చినంత జాగ్రత్తగా.

ఇక జవాబు.
(ఎ), (బి)లకు: వివరాల పట్టిక సభ బల్లపై ఉంచడమైనది.
"ఏ బల్ల?"
ఢిల్లీలో ఉంటుందమ్మా, పెద్ద బల్ల.
"నా బల్ల మీద ఏది పెట్టినా
ఈగలొస్తాయి, పిల్లులొస్తాయి, బేరమాడేవోల్లొస్తారు.
ఆ బల్లకాడికి ఎవులొస్తారు?"

పేజీ తిప్పాను.
పదిహేడో వరస: గడియ, మగ, నలభై మూడు.
జాతీయత నిర్ధారణలో ఉన్నది.

ఆమె మొగుడు గడ్డెయ్య. ముప్ఫై ఆరు.
ఓటరు కార్డు మీద ఒడియాలో ఒకలాగ,
వెరావల్ బోటు టోకెను మీద గుజరాతీలో ఇంకోలాగ,
అవతలి జైలువాడు తన లిపిలో విన్నది విన్నట్టు రాసుకున్నాడు.
అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చేసరికి
డ కింద ఒత్తు సముద్రంలో పడిపోయింది.
ఏడేళ్ళు వయసు పెరిగింది.
గడియ. మన భాషలో అయితే తలుపుకి వేసేది.

"ఆడేనా?"
అయ్యుండొచ్చమ్మా.
"అయ్యుండొచ్చేటి? నానేటి, గాలానికి ఏటి తగిలిందో సూత్తన్నానా?"

(సి)కి: ఖైదీలందరూ ఆరోగ్యంగా ఉన్నట్టు సమాచారం.
మానవ హక్కులకు ప్రభుత్వం కట్టుబడి ఉన్నది.
తర్వాతి వాక్యం మరీ పొడుగు, నడుమ కొంత మింగేశాను.
పట్టేసింది. "ఏటో వొదిలీసినావు."
స్నేహసంబంధాలు అని ఉందమ్మా.
"ఎవులికి, ఎవులితోటి?"

కాసేపు ఫ్యాను చప్పుడు.
"ఆరోగ్యమని ఎవులు సూసి సెప్పినారు బాబూ?
వించి తాడుకి ఆడి కుడి బుజం దిగిపోనాది.
అప్పట్నించీ ఎడంపక్కే తొంగుంతాడు.
ఏ పక్క తొంగున్నాడో ఎవులైనా సూసినారా?"

(డి)కి: పై జవాబు దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఇదొక్కటీ తెలుగు చెయ్యడం సుళువు.
ప్రతి సర్కారు కాగితంలోనూ ఉన్న మాటే,
నా వేళ్ళకి కంఠతా వచ్చు.
"ఉత్పన్నమంటే?"
పుట్టడం, అన్నాను. ప్రశ్న పుట్టదు అంటున్నారు.

ముగ్గుర్ని కన్న మనిషి.
కాగితం వంక చూడలేదు, నా వంక చూసింది.
"పుట్టకపోతే మరి
రేత్రంతా లోపల తన్నేది ఏటి?"

రెండు కాపీలు తీశాను.
పదిహేడో వరస పక్కన, మార్జిన్‌లో, నా పెన్నుతో ఒత్తు పెట్టాను.
దానికి ఏ కచేరీలోనూ విలువ లేదని తెలుసు.
వద్దన్నా నాలుగు రూపాయలు బల్ల మీద పెట్టింది, చేప పొలుసుతో సహా.

"మల్లీ ఎప్పుడు కూకుంతారు ఆల్లు?"
శీతాకాలంలో.
వేళ్ళ మీద లెక్క చూసుకుంది. నెత్తళ్ళ కాలం, దాని వెనక కవ్వళ్ళు.
"అయితే ఇప్పుడే కొట్టీ. ఆడు ఏ పక్క తొంగుంతన్నాడో, అదే. ఇంకేటొద్దు."

మిషను ముందు కూర్చుని
(ఇ) అని కొట్టాను.
గీత ఒకటి వెలుగుతోంది, ఆరుతోంది.
ఒడియాలో అడగాలా, ఇంగ్లీషులోనా,
ఆమె అడిగినట్టే అడగాలా,
ఇంకా తేలలేదు.