ఐదు మూలల రేకు

పారినాయుడు మాస్టారు బేస్‌బాల్ మొదలెట్టిన ఏడు
మా కాశీబుగ్గ బడికి హోమ్ ప్లేటు లేదు.
జీడిపప్పు డబ్బా కోసి
ఐదు మూలల రేకు చేసి
మేకులతో మట్టిలోకి దించారు.
"దీనెనకాల ఎవులు కూకుంటారే?"
ఎవరూ కదల్లేదు.
నేను కూర్చున్నాను.

కూర్చోవడం మా ఇంటి విద్య.
అమ్మ ఇరవై ఏళ్ళు బట్టీలో
గొంతుక్కూర్చుని పిక్కలు కొట్టింది,
కిలోకి ఇంతని.
శనివారాలు నేనూ కొట్టేదాన్ని.
బూడిద రాసుకున్నా ఆగదు జీడి,
వేళ్ళలోకి దిగి నల్లగా ఉండిపోతుంది.

బంతి విసిరే చంద్రకళకి
తొడల మధ్యనుంచి వేళ్ళతో చెప్పాలి:
ఒకటంటే నేరుగా, రెండంటే వంపు,
చిటికెన వేలంటే నీ ఇష్టం.
సాయంత్రం మసకలో ఆ వేళ్ళు
దానికి కనబడేవి కావు.
కిళ్ళీకొట్టు సున్నం తెచ్చి
గోళ్ళకి పూసుకున్నాను.
అనంతపురంలో, ఔరంగాబాదులో,
యూనివర్సిటీ జట్టులో చేరాక కూడా
ఆ సున్నమే.

అమ్మకి ఆట చెప్పబోయాను ఒకసారి.
ఇంటి దగ్గరే బయల్దేరతారమ్మా,
మూడు చోట్ల ఆగి
మళ్ళీ ఇంటికే రావాలి.
"మరి నువ్వేటి సేస్తావు?"
వచ్చేవాళ్ళని గుమ్మంలో ఆపేస్తాను.
అమ్మ పిక్క కొట్టడం మానేసి చూసింది.
"ఇంటికొచ్చినోల్ని ఆపెయ్యడవేటే,
పాపం కాదూ?"

బీఏ రెండో ఏడు ఎకనామిక్స్ తప్పాను.
పరీక్షనాడు రైల్లో ఉన్నాను,
కప్పు ఒళ్ళో పెట్టుకుని.
మూడో ఏడు ఉంగరం వేలు విరిగింది,
ఇప్పటికీ పక్కకే చూస్తుంది.
స్పోర్ట్స్ కోటాకి వెళితే
గుమాస్తా జాబితా మీద వేలు జార్చుకుంటూ పోయి
కబడ్డీ దగ్గర కాసేపు ఆగి
"మీ ఆట ఇందులో లేదమ్మా" అన్నాడు.
క్రికెట్టు లాంటిదేనా అని కూడా అడిగాడు, మర్యాదకి.

హైదరాబాదులో ఒక క్లబ్బు
రెండేళ్ళు డబ్బిచ్చి ఆడించింది.
నెలకి తొమ్మిది వేలు, మ్యాచ్‌కి రెండు అరటిపళ్ళు.
వీపు మీద పేరు కూడా రాశారు,
బమ్మిడి బదులు బొమ్మిడి అని.
చొక్కా ఉంది ఇంకా.

ఇప్పుడు మందసలో కాంట్రాక్టు పీఈటీని.
మెట్లెక్కితే మోకాళ్ళు
పిక్కలు పగిలినట్టు పటపటమంటాయి.
"అంతసేపు కూర్చోవడమెందుకు మేడం,
పరిగెత్తొచ్చు కదా" అంటారు పిల్లలు.
జవాబు చెప్పను.
గోళ్ళు చూపించమంటాను.

మాస్టారి రేకు అమ్మ దగ్గరుంది.
బడికి రబ్బరు ప్లేటు వచ్చినప్పుడు
అడిగి తెచ్చుకున్నాను.
మంచినీళ్ళ కుండకి మూత అయింది.
గుండ్రటి మూతి, ఐదు మూలలు,
ఎలా తిప్పినా ఒకటి బయటికి పొడుచుకొస్తుంది.
పైన బోర్లించిన గ్లాసు
భువనేశ్వర్ బండి పోయినప్పుడల్లా
కాసేపు వణుకుతుంది.