లప్పం

ఇంచియోన్ రేవు పక్కన మెట్రో స్టేషను.
ఆడవాళ్ళ టాయిలెట్, మూడో గది.
గడియ వేసి, దీపం ఆర్పి
మోకాళ్ళ మీద కూర్చుంటాను.
ఆరేళ్ళుగా నా ఉద్యోగం ఇదే.

నీలం చొక్కా జేబు మీద నా పేరు: ప్యో ఇన్‌సుక్.
చేతిలో ఎర్రటి వెలుగు చిమ్మే చిన్న యంత్రం.
గోడలో ఎక్కడైనా గాజు దాక్కుని ఉంటే
పిల్లి కన్నులా ఓ చుక్క మెరుస్తుంది.

స్క్రూ తలలు, తలుపు గొళ్ళెం,
పొగ పసిగట్టే గుండ్రటి డబ్బా,
ఎవరో మరిచిపోయినట్టు వదిలేసిన కాఫీ కప్పు మూత.
అన్నిటినీ ఒకటే అడుగుతాను:
నువ్వు నువ్వేనా?

నాకంటే ముందొచ్చినవాళ్ళు
కన్నాల్లో టిష్యూ కాగితం కుక్కి పోయారు.
కొందరు నమిలిన చూయింగ్ గమ్.
ఒకమ్మాయి నవ్వే కుందేలు స్టిక్కరు.
ఒక్క గోడకే నలభై మూడు లెక్కపెట్టాను.
కొండ దారిలో కోరికకో రాయి పేరుస్తారు మావాళ్ళు.
ఇక్కడ భయానికో కాగితపు ఉండ.

ఇప్పటికి దొరికినవి రెండు.
రెండే కదా, అంటాడు సూపర్‌వైజరు సంతోషంగా.
దొరకనివి ఎన్నో చెప్పే యంత్రం
ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సెబ్యోల్ అని ఒక పిల్ల చేరింది, రెండు వారాలకే మానేసింది.
"అక్కా, ఆకాశంలో చుక్క మెరిసినా
కొంగలా మెడ తిప్పేస్తున్నా" అంది.
దాని పేరుకి అర్థం వేగుచుక్క.

పగటి మాట పిట్ట వింటుంది,
రాత్రి మాట ఎలుక వింటుంది, అనేది మా నాయనమ్మ.
పిట్టకి గింజలు చల్లొచ్చు. ఎలుకకి బోను పెట్టొచ్చు.
వెయ్యి కళ్ళతో ఎదురుచూడటమంటే
ప్రేమ అనుకునే కాలంలో బతికి వెళ్ళిపోయింది ఆవిడ.

ఇంటికి వస్తాను. తేసిక్ సముద్రపాచి పులుసు వేడిచేస్తాడు.
టీవీని మనం చూస్తున్నామా, అది మనల్ని చూస్తుందా
అంటే ఇదివరకు పగలబడి నవ్వేవాడు.
ఇప్పుడు దాని మీద నా పాత స్కార్ఫు కప్పి ఉంటుంది,
చిలక పంజరానికి రాత్రిపూట గుడ్డ కప్పినట్టు.
అన్నం కుక్కరు "అన్నం సిద్ధం" అని పలుకుతుంది.
ఆ ఆడగొంతుకి జవాబివ్వడం మానేశాను.

పోయిన మంగళవారం
పడకగదిలో పాత కేలండరు తీస్తే వెనక ఒక కన్నం.
మేకుది. పదకొండేళ్ళ కిందట తేసిక్ కొట్టిన మేకు.
నేనే పట్టుకున్నాను, సుత్తి నా బొటనవేలికి తగిలింది,
వేలు నోట్లో పెట్టుకుని నేనూ, సుత్తి ఒళ్ళో పెట్టుకుని తనూ
నేల మీద కూలబడి నవ్వాం.
అంతా గుర్తుంది.
అయినా దీపం ఆర్పాను.
అయినా సంచిలోంచి యంత్రం తీశాను.

తేసిక్ గుమ్మంలో నిలబడి చూశాడు.
ఏమీ అనలేదు.

ఏమీ మెరవలేదు.
శిక్షణలో మొదటిరోజే చెప్పారు:
సరిగ్గా ఎదురుగా నిలబడితేనే
గాజు తిరిగి చూస్తుంది.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి కన్నం లేదు.
లప్పం కలిపి వేలితో నొక్కాడు.
తెల్లటి మచ్చ మీద
అతని వేలిముద్ర గీతలు, నీళ్ళలో రాయి పడ్డట్టు.
"ఇక హాయిగా పడుకో" అన్నాడు.
దుప్పటి నా భుజం దాకా లాగాడు.

పాతికేళ్ళుగా తెలిసిన ఊపిరి
పక్కనే లేస్తూ, పడుతూ.
రేవులో ఓడ ఒకటి కూత వేసింది.
మంచివాడు. నిజంగా మంచివాడు.

అంత తొందరగా ఎందుకు పూడ్చాడు?

గోడవైపు తిరిగి
చీకట్లో వేలు పెట్టి చూశాను.
లప్పం ఇంకా మెత్తగానే ఉంది.