పుచ్చుల లెక్క

ఎర్రగడ్డ రైతుబజారు, రెండో వరుస.
మాణెమ్మ తట్ట ముందు
నేనెప్పుడూ ఆఖరి బేరం.

మంచివన్నీ పోయాక
పక్కకు తోసిన కుప్ప నాది:
వంకర దోసకాయ, గీతలు పడ్డ సొరకాయ,
నాలుగు పుచ్చు వంకాయలు,
జల్లెడలాంటి గోంగూర.
"గివి నీకే తీసిపెట్టిన బిడ్డా.
మందు కొట్టని చేను, పురుగుకు గూడ ఎరికె"
అంటుంది, కిలోకు పది తగ్గించి.

సంచిలో వేసుకుంటుంటే
వెనకాల ఎవరో నవ్వారు.
నవ్వనీ.
పోయిన నెల మాదాపూర్‌లో
అద్దాల కొట్టు లోపలికి నేనూ వెళ్ళాను.
పాలకూరకు కూడా ఏసీ.
అట్టడబ్బాలో ఆరు టమాటాలు
పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాయి.
ధర చూసి,
ఫోనొచ్చినట్టు చెవికి ఆనించుకుని
"ఆఁ, వస్తున్నా" అంటూ
బయటికి నడిచాను.

తిండికి నెలకు తొమ్మిది వేలు, ఐదుగురికి.
గ్యాసు వేరు.
మందుల షాపువాళ్ళిచ్చిన డైరీలో
అందరూ పడుకున్నాక రాసుకుంటాను.

బియ్యం, ఫర్హానాతో సగం సగం.
జనగామ దిక్కు నుంచి ఒక్క సంచి తెప్పించి
మెట్ల మీద పాత పేపర్లు పరిచి
డబ్బాతో కొలుచుకుంటాం.
చివరి గుప్పెడు దగ్గర
"నక్కో, తుమ్ లేలో" అని తను,
"నువ్వే తీసుకో" అని నేను.
ఆ గుప్పెడు ప్రతిసారీ పావురాల పాలే.

కందిపప్పు తాండూరుది, పాలిష్ లేనిది.
గానుగ నూనె అరలీటరు, తాలింపుకే.
వేపుళ్ళు మానేశాం.
మానేశాం అని రాశాను గానీ
వాన పడ్డ సాయంత్రం మిర్చిబజ్జీ
లెక్కలోకి రాదు.

పాలు...
ఇక్కడ ప్రతి నెలా నా కలం ఆగుతుంది.
మామూలు ప్యాకెట్టే.
గాజుసీసాల్లో ఆవుపాలు తెచ్చే కుర్రాడు
మా గడప దాటుకుని
మూడో అంతస్తుకు పోతాడు.
అన్నీ కొనలేం.
తొక్కతో తినేది ముందు,
రోజూ తినేది ముందు.
మిగతావాటిని
చింతపండు, ఉప్పు వేసిన నీళ్ళలో ముంచి
దండం పెట్టుకోవడమే.

మా అత్త సాయవ్వ ఒకరోజు డైరీ చదివించుకుంది.
"పెంట ఎరువు కూరకు ఎక్కువ పైసలా!
మేం తిన్నది గదే గదా,
దానికి అప్పుడు పేరు లేకుండె."
మర్నాడే
పగిలిన బకెట్లో మెంతులు చల్లింది
మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన.
ఇంటి ఓనరు చూశాడు, ఏమీ అనలేదు.
మూడు వారాలకు ఒక కట్ట అడిగాడు.

మొన్న గోంగూర ఒలుస్తుంటే
ఆకు వెనక పచ్చటి పురుగు.
హన్విక కేక పెట్టలేదు.
జామ్ సీసా మూతకు మేకుతో చిల్లులు పొడిచి
దాన్ని లోపల పెట్టుకుంది.
"రోజుకు ఎన్ని ఆకులు తింటదమ్మా?"
"నాకేం తెలుసు?"
"మరి డైరీలో ఎట్ల రాస్తవ్?"

ఆ రాత్రి తీసి చూస్తే
పాల కింద, పెన్సిలుతో, వంకరటింకరగా:
పురుగు. రెండు ఆకులు. ఫ్రీ.

నిన్న ఆదివారం
గోంగూరకు ఒక్క చిల్లు లేదు.
కట్ట తిప్పి తిప్పి చూశాను.
మాణెమ్మ తక్కెడ వైపే చూస్తూ అంది:
"పక్క చేనోడు కొట్టిండు బిడ్డా,
గాలి మా దిక్కే వీచె."
అడక్కుండానే ఐదు తగ్గించింది.
నేను తీసుకున్నాను.
ఇంకెవరి దగ్గరికి పోను?

ఇంటికొచ్చి మూడుసార్లు కడిగాను.
పప్పులో వేశాను, అందరం తిన్నాం.
సీసాలో దానికి మాత్రం
హన్విక మేడెక్కి
బకెట్లోంచి మెంతాకు తుంచి తెచ్చింది.

తింటుందో లేదో అని
ఇద్దరం మూత దగ్గర తలలు ఆనించి
చూస్తూ కూర్చున్నాం.