చిన్న కుర్చీలు

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి
బడి లైబ్రరీలో క్లాసు.
రెండో తరగతి పిల్లల కుర్చీలే మాకూ.
మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే
పదకొండుమందిమి కూర్చున్నాం
తప్పు చేసి పట్టుబడ్డవాళ్లలా.

బయట మైనస్ ఇరవై.
నది గడ్డకట్టి, అవతలి కెనడా
నడిచి వెళ్లేంత దగ్గరికొచ్చింది.
మంచు తోసే లారీ నడుపుతాను నేను.
నా బూట్ల కింద నీళ్లు మడుగు కడుతుంటే
ఇంకో కాలితో దాచుకున్నాను.

ఫారంలో ఒక గడి:
బిడ్డకు మీరు ఏమవుతారు?
మేనమామని.
పుట్టినరోజుకి ఒక బొమ్మ,
వేసవిలో ఒకసారి చేపలవేట,
అంతవరకే నాకు తెలిసిన మేనమామతనం.
నవంబరులో ఒక రాత్రి
నల్లటి చెత్తకవరులో బట్టలు మూటగట్టి
జోసెట్‌ని గుమ్మంలో దింపి వెళ్లారు.
ఏడేళ్లు. కుడి బూటు ఎడమ కాలికి.

పాఠం చెప్పే వెర్నా
బల్లమీద ఒక రొట్టె పెట్టి అడిగింది:
"ఇది మీకు దిండు కింద దొరికింది. ఏం చేస్తారు?"
గార్డినర్ దంపతులు ప్రశ్నను కూడా రాసుకున్నారు.
దత్తతకి నాలుగేళ్లుగా కాచుకున్నవాళ్లు
దేన్నీ వదలరు.
నేను చెయ్యెత్తలేదు.
మా ఇంట్లో దిండు కింద కాదు,
హీటరు వెనక.
రొట్టె కాదు, ఉడికించిన బంగాళాదుంపలు.
తొమ్మిది.
వాసన పట్టి వెతికి, దొరికాక
కేకలేశాను.
ఆ పిల్ల ఏడవలేదు.
ఎన్ని పారేస్తున్నానో లెక్కపెట్టుకుంది.

వెనకనుంచి ఒడిల్ అంది,
డెబ్బై ఒకటో ఏట ముగ్గురు మనవల్ని సాకుతున్న మనిషి:
"నా దగ్గర తలా ఒక డబ్బా ఉంది.
మూతమీద పేరు.
నిండుగా ఉంచడం నా పని,
ఖాళీ చెయ్యడం వాళ్ల పని.
డబ్బా మర్చిపోయి బడికెళ్లడానికి
నడిపివాడికి పద్నాలుగు నెలలు పట్టింది."
అని, గోడకి తల ఆనించి
అక్కడే కునుకు తీసింది.
వెర్నా గొంతు తగ్గించింది.
అదే ఆ రోజుకి అసలు పాఠమేమో.

పసుపు కాగితాలు పంచారు.
అర్ధరాత్రి ఎత్తే ఫోను నంబరు ఒకటి.
నెలకి రెండు ఆదివారాలు
నాలుగేసి గంటలు పిల్లని చూసుకునే మనుషుల పేర్లు.
నాలుగు గంటలు!
ఏం చేసుకోవాలో తోచక
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

"తల్లిని పిల్ల ముందు తిట్టకండి" అంది వెర్నా.
తిట్టడం లేదన్నాను.
కొలెట్ పేరే ఎత్తడం లేదన్నాను.
"అదీ తిట్టే" అంది.

ఇంటికొచ్చి
చేపలవేట డబ్బాలో గేలాలన్నీ తీసేశాను.
మూడుసార్లు కడిగినా కొంచెం వాసన.
అడుగున ఒక ఫోటో పెట్టాను,
తనంత పొడుగు చేపని పట్టుకుని నవ్వుతున్న
పన్నెండేళ్ల కొలెట్.
పైన బిస్కెట్లు, ఆపిల్ పళ్లు,
ఒక బంగాళాదుంప, ఉడికించిందే.
మూతమీద పేరు రాశాను.
"చివర ఒక అక్షరం వదిలేశావు" అంది జోసెట్.
తనే దిద్దుకుంది.
"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"
తాళం లేదన్నాను.
నా మొహం చూడలేదు. గొళ్లేన్ని చూసింది,
చాలాసేపు.

రాత్రి మూడింటికి రోడ్లమీద మంచు తోయడానికి లేచాను.
సోఫాలో తోడు పడుకున్న పక్కింటి రీటా గురక.
పై గదిలోంచి గొళ్లెం చప్పుడు.
తెరిచింది. మూసింది.
కాసేపాగి
మళ్లీ తెరిచింది.
బూట్లు చేత్తో పట్టుకుని
మేజోళ్లతో మెట్లు దిగాను.

వచ్చే మంగళవారం పాఠం పేరు
నిద్ర.