రెన్యూవల్ గుమస్తా

పదకొండేళ్లు చదరంగ సమాఖ్య ఆఫీసులో
నా పని ఒక్కటే.
గడువు తీరిన పేర్లకు ఉత్తరాలు పంపడం.
"ప్రియమైన సభ్యులకు, మీ లోటు మాకు తెలుస్తోంది."
తెలిసేది కాదు.
ప్రింటరుకేం తెలుస్తుంది?

ప్రతి మార్చిలో పైవాళ్లు గోడకు అమెరికా పటం తగిలించి
రంగు పిన్నులు గుచ్చేవారు.
సభ్యులెందుకు తగ్గారంటే
ఒకరు చందా అన్నారు, ఒకరు ఫోన్లలో ఆట అన్నారు,
ఒకరు పత్రిక అట్ట బాగోలేదన్నారు.
కాఫీలు చల్లారిపోయాయి.

నేను మాత్రం పటం పై అంచున
సుపీరియర్ సరస్సు ఒడ్డున
రాగి గని మూతబడ్డ ఓ ఊరికేసి చూస్తుండేదాన్ని.
జనం నాలుగు వేలు. సభ్యులు అరవై ఏడుగురు.
వాళ్లలో ఒక్కరికీ రెండో ఉత్తరం రాయాల్సి రాలేదు.

సెలవు పెట్టి వెళ్లాను.
జనవరి. కిటికీల నడుము దాకా మంచు.
లూథరన్ చర్చి నేలమాళిగలో ఐలా కోర్పెలా,
బడి బస్సు నడిపి రిటైరైన మనిషి,
మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు.
తడి బూట్లు ఎక్కడ విడవాలో ముందు చెప్పింది,
జోడీల కాగితం ఆ తర్వాతే అంటించింది.

ఏదో రహస్యం ఉంటుందనుకున్నాను.
కనబడింది ఇంతే:
లెక్క బేసి అయి ఎవరైనా మిగిలిపోతే
అవతలి కుర్చీలో ఆవిడే కూర్చునేది,
ఓడిపోవడానికి ఏమాత్రం మొహమాటపడకుండా.
నాలుగాటలూ పోగొట్టుకున్న లారీ డ్రైవరు
గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటుంటే
"ఆర్విడ్, పదిహేడో ఎత్తు దాకా ఆట నీదే. చూశాను" అంది.
అతను ఏమీ అనలేదు.
వచ్చే నెల ఏ తారీకో అడిగాడు.

ఫలితాలు ఆ రాత్రే మాకు పంపేది,
ప్రతి పేరూ అక్షరం అక్షరం సరిచూసి.
"తన పేరే తప్పుగా అచ్చయితే
ఎవడు డబ్బు కడతాడమ్మా?"

తిరుగుదారిలో ఇంకో ఊళ్లో ఆగాను.
అక్కడ గ్రోవర్ హచిన్స్.
నియమావళి కామాలతో సహా కంఠతా వచ్చు.
తొమ్మిదేళ్ల పిల్ల కోటు జేబులో
వాళ్లమ్మ మరిచిపోయిన ఫోను మోగింది.
ఆట పోయిందన్నాడు.
పుస్తకం ప్రకారం ఆయనదే రైటు.
నేనైనా అదే అనేదాన్నేమో.
పిల్ల ఏడవలేదు.
పావుల్ని ఒక్కొక్కటే సంచీలో వేసుకుంది,
నల్ల రాజు బల్ల కింద పడితే చూసుకోలేదు.
నేను తీశాను. కారు వెళ్లిపోయింది.

మరుసటేడు జాబితాలో ఆ పిల్ల లేదు.
అక్క లేదు. తమ్ముడు లేడు.
వాళ్లను కార్లో తెచ్చే మేనమామ లేడు,
పాతికేళ్ల సభ్యుడు.
నలుగురికీ లోటు తెలుస్తోందని రాశాను.
ఒకటి విప్పకుండానే తిరిగొచ్చింది.
నల్ల రాజు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.
పంపుదామంటే చిరునామా ఉంది,
తపాలా ఖర్చు ఏ పద్దులో రాయాలో తెలియదు.
ఇది సాకే, నాకూ తెలుసు.

ఐలాకు చూపు మందగించి మానేసింది.
అరవై ఏడు నలభై అయింది,
మరో ఏడాదికి పంతొమ్మిది.
గోడమీద పిన్ను రంగు మార్చి
కారణం గడిలో "జనాభా తగ్గుదల" అని రాశారు.
చూశాను.
ఊళ్లో జనం నాలుగు వేల పన్నెండు.

మొన్న శనివారం లైబ్రరీ మేడమీద
నా మొదటి పోటీ.
పరీక్ష రాసి, డైరెక్టరు కార్డు మెడలో వేసుకుని.
వచ్చింది ఐదుగురు. బేసి.
కూర్చున్నాను.
అవతలి పెద్దావిడ తెల్ల బంటు రెండు గడులు జరిపి
గడియారం నొక్కింది.
"మీ పేరులో ఒక టీనా, రెండా?" అన్నాను.
"రెండు" అంది, నేలకేసి చూస్తూ.
బూట్ల సంగతి చెప్పడం మరిచిపోయాను.
గదంతా బురద.